స్కాట్లాండ్ గళ్ళ కోసం నాలుగు రోజులు

ఎడిన్‌బరో రాయల్ మైల్ మీద ఒక దుకాణంలోకి వెళ్ళగానే మా ఇంటిపేరు అడిగారు, ఇక్కడ ఒక్కో వంశానికి ఒక్కో రకం గళ్ళని చెబుతారు మరి. చెప్పాను. కౌంటర్‌లో కుర్రాడు కంప్యూటర్‌లో వెతికి, పెదవి విరిచి, "ఇది ఎవరైనా వేసుకోవచ్చు" అంటూ ఎర్ర గళ్ళ మఫ్లర్ తీశాడు. గళ్ళ లుంగీలు చూస్తూ పెరిగినవాణ్ణి, గళ్ళకు ఇంటిపేరు చెప్పాల్సి రావడం ఇదే మొదలు. లేబుల్ చూస్తే ఉన్ని కాదు, యాక్రిలిక్. బయటికొచ్చేశాం.

అసలు సంగతి తెలియాలంటే దగ్గర్లోని నేషనల్ మ్యూజియమే నయం. టికెట్ లేదు. 1933లో ఫాల్కిర్క్‌లో దాదాపు రెండు వేల రోమన్ వెండి నాణేలున్న కుండ దొరికింది. దాని మూతికి కుక్కిన గుడ్డ పీలిక ఈ మ్యూజియంలోనే ఉంది, మూడో శతాబ్దం నాటిది. అద్దకం లేదు, గొర్రె ఒంటి మీది లేత, ముదురు ఉన్నితోనే గళ్ళు నేశారు. అంటే గళ్ళు పాతవే. ఫలానా గళ్ళు ఫలానా వంశానివి అనడమే కొత్త.

రైల్లో మూడున్నర గంటలు, ఇన్వర్నెస్. బస చేసిన ఇంట్లో లిఫ్ట్ లేదు, సూట్‌కేసులతో మూడంతస్తులు ఎక్కేసరికి మా ఆవిడ మాట్లాడటం మానేసింది. కానీ శాకాహారులమని ముందే కనుక్కుని పొద్దున్నే వేడివేడి బంగాళాదుంప రొట్టెలు పెట్టారు, అన్నీ మాఫీ.

పాత యుద్ధభూమి కలోడెన్‌కి డబ్బు పోసి గైడ్ టూర్ తీసుకోవడం మాత్రం పొరపాటే. సిటీ బస్సు ఉంది, మైదానంలో తిరగడానికి టికెట్ కూడా అక్కర్లేదు. పైగా మా గైడ్, వంశాల పేర్లున్న సమాధి రాళ్ళు చూపించి, "గళ్ళను బట్టే మనవాళ్ళెవరో గుర్తుపట్టేవారు" అన్నాడు. ఆ రాళ్ళు 1881లో నిలబెట్టినవి. 1746 ఏప్రిల్ 16న ఇక్కడ పోరాడిన జాకొబైట్లకు, అంటే గద్దె పోయిన స్టూవర్ట్ రాజవంశం తరఫున తిరగబడ్డవాళ్ళకు, గుర్తు గళ్ళు కాదు, టోపీ మీది తెల్ల రిబ్బన్ పువ్వు. ఆనాటి యుద్ధం మీద డేవిడ్ మోరియర్ వేసిన బొమ్మలో ఒక్కో మనిషి ఒంటి మీదే రెండు మూడు రకాల గళ్ళుంటాయి.

జాకొబైట్లు ఓడాక, హైలాండ్ (స్కాట్లాండ్ కొండసీమ) మగవాళ్ళు తమ సంప్రదాయ దుస్తులు వేసుకోకూడదని చట్టం తెచ్చారు, సైన్యంలో ఉన్నవాళ్ళకు తప్ప. 1782లో ఎత్తేశారు. ఈలోగా బ్యానక్‌బర్న్‌లో విల్సన్ల మగ్గాలు సైన్యానికి నేస్తూ పెరిగాయి. వాళ్ళ నమూనాల్లో కొన్నిటికి అంకెలే పేర్లు. 1815లో లండన్ హైలాండ్ సొసైటీ, మీ వంశపు గళ్ళ నమూనా పంపండని వంశ పెద్దలను అడిగింది. కొందరికి తమవేవో తెలియనే తెలియదు! ఇక 1822లో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరో వచ్చినప్పుడు నవలా రచయిత వాల్టర్ స్కాట్ అందర్నీ గళ్ళబట్టల్లో రమ్మన్నాడు, రాజు కూడా కిల్టు (మగవాళ్ళు కట్టే గళ్ళ లంగాలాంటిది) కట్టాడు. అంగళ్ళకు పండగే.

తిరుగు ప్రయాణంలో ఇన్వర్నెస్‌లోనే ఒక చిన్న కొట్లో అసలు ఉన్ని మఫ్లర్ కొన్నాను. ఏ వంశమని అడగలేదు, మెడకి గుచ్చుకుంటోందా అని మాత్రం అడిగారు.