ఓఆర్‌ఆర్ ఎక్కి బెజవాడ దాకా: టోల్, టిఫిన్, బస

2025 డిసెంబర్‌లో రెండు కార్లలో బెజవాడ వెళ్లొచ్చాం, ఒకటి మాది, ఇంకోటి మా బావది. హైదరాబాద్‌లో నానక్‌రామ్‌గూడ దగ్గర ఓఆర్‌ఆర్ (అవుటర్ రింగ్ రోడ్డు) ఎక్కి పెద్ద అంబర్‌పేటలో దిగాం. సిటీలోంచి ఎల్బీనగర్, హయత్‌నగర్ మీదుగా పోతే ఆ టోల్ డబ్బులు మిగిలేవే, కానీ శనివారం పొద్దున ఆ సిగ్నళ్లన్నీ దాటేసరికి ఉన్న ఓపిక అక్కడే అయిపోతుంది, వెనక సీట్లో పిల్లలుంటే మరీనూ. నా ఓటు ఓఆర్‌ఆర్‌కే.

అయితే ఇక్కడొక మెలిక ఉంది. మా కారుకి 3,000 పెట్టి తీసుకున్న ఫాస్టాగ్ వార్షిక పాస్ ఉంది, 2025 ఆగస్టు 15న మొదలైంది చూడండి, అది. ఏడాది గానీ 200 సార్లు గేటు దాటడం గానీ, ఏది ముందైతే దానితో సరి. సొంత కార్లు, జీపులు, వ్యాన్లకే ఇస్తారు, ట్యాక్సీలకు లేదు. చెల్లేది జాతీయ రహదారుల మీద. ఓఆర్‌ఆర్ రాష్ట్రానిది కాబట్టి అక్కడ పాస్ ఉన్నా లేకపోయినా ట్యాగ్ వాలెట్‌లోంచే డబ్బు పోతుంది, ఎక్కినచోట ఒకసారి, దిగినచోట ఒకసారి ట్యాగ్ చదివి తిరిగిన దూరాన్ని బట్టి కట్ చేస్తారు. పాస్ తీసుకున్నాం కదా అని వాలెట్ ఖాళీగా ఉంచుకున్నవాళ్లకి దిగే గేటు దగ్గర తెలుస్తుంది. మా ముందున్నాయన "పాస్ ఉందండీ బాబూ, ఇదిగో చూడండి" అంటూ కిటికీలోంచి ఫోన్ చూపిస్తున్నాడు, వెనక అందరూ హారన్లు.

హైవే మీద మొదటి టోల్ గేటు పంతంగి దాకా రోడ్డు హాయిగా ఉంది. మా కారు మా ఆవిడ నడుపుతోంది, పాస్ మీద ఆగకుండా వెళ్లిపోయింది. నేను బావ పక్కన కూర్చున్నాను, ఆయన గేటు మాత్రం లేవలేదు. ఒక కుర్రాడు చేతి మిషన్ తెచ్చి అద్దం మీద స్టిక్కర్‌కి ఆనించి చూసి, మళ్లీ ఆనించి, "అన్నా, బ్లాక్‌లిస్ట్ చూపిస్తుంది" అన్నాడు.

"నిన్ననే రెండు వేలు వేశాను తమ్ముడూ."

"పైసలు కాదన్నా, కేవైసీ అప్‌డేట్ లేదని బ్యాంకోళ్లు ఆపేసిన్రు. క్యాష్ ఇస్తే డబుల్ పడతది, ఫోన్‌ల నుంచి కొట్టు, తక్కువ పడతది."

అతను చెప్పింది నిజమే. 2025 నవంబర్ 15న వచ్చిన రూలు ప్రకారం అప్పట్లో ట్యాగ్ లేకపోయినా, ఉన్నది పనిచేయకపోయినా, నోట్లిస్తే రెండింతలు, యూపీఐ అయితే ఒకటింబావు రెట్లు. అంటే వంద రూపాయల టోల్‌కి 200 కట్టాలా, 125 కట్టాలా అన్నది జేబులో చెయ్యి పెడతామా, ఫోన్ తీస్తామా అన్నదాన్ని బట్టి ఉండేది. బావ అప్పటికే పర్సు తీసేశాడు, కుర్రాడు ఆపాడు కాబట్టి సరిపోయింది. ఆ అబ్బాయి మర్యాదకి మాత్రం పూర్తి మార్కులు, వెనక లారీవాళ్లు అరుస్తున్నా విసుక్కోలేదు.

తర్వాత కొర్లపహాడ్, అక్కడా బావ యూపీఐయే. సూర్యాపేటలో టిఫిన్. హైవే మీద మెరిసిపోయే ఫుడ్ కోర్టుల కన్నా ఊళ్లోకి మళ్లి చిన్న హోటల్లో తిన్న పెసరట్టు ఉప్మా నయం, కాకపోతే టాయిలెట్ల విషయంలో ఫుడ్ కోర్టులే మేలు, ఇంట్లో ఆడవాళ్లని అడిగి నిర్ణయించుకోండి. ఆంధ్రాలోకి వెళ్లాక చిల్లకల్లు, ఆ తర్వాత కీసర (మన కీసరగుట్ట కీసర కాదు, నందిగామ దాటాక వచ్చేది).

బెంజ్ సర్కిల్ వైపు దిగిన హోటల్ గది శుభ్రంగా ఉంది, చెకవుట్ 24 గంటలది, గుడికి వచ్చేవాళ్లకి అది పెద్ద సౌకర్యం. సెల్లార్ పార్కింగ్ మాత్రం నరకం, పెద్ద కారుంటే బుక్ చేసేముందే ఫోన్ చేసి అడగండి. ఇంద్రకీలాద్రికి ఆటోలో వెళ్లాం, కారు కదపలేదు. రాత్రి గదిలో కూర్చుని బావ యాప్‌లో కేవైసీ పూర్తి చేశాడు, తిరుగు ప్రయాణంలో ఒక్క గేటు కూడా ఆపలేదు.

ఇప్పుడాయన కూడా పాస్ తీసుకుంటానంటున్నాడు. బెజవాడ రానూపోనూ ఎనిమిది గేట్లు, మేం కట్టిన 3,000 లెక్కన 200 పూర్తిగా వాడుకుంటే గేటుకి 15 రూపాయలే, నెలకి రెండుసార్లు తిరిగే మాకు గిట్టుబాటు. ఆయనేమో దసరాకి ఒకసారి, సంక్రాంతికి ఒకసారి వెళ్లే మనిషి, అంటే ఏడాదికి పదహారు గేట్లు, అదే లెక్కన ఒక్కోటి 187 పైనే పడుతుంది. వద్దు బావా, మామూలు ట్యాగే చాలు, 24 గంటల్లో తిరిగొస్తే రెండు వైపులా కలిపి ఒకటిన్నర రెట్లే తీసుకుంటారు అని చెప్పాను. వింటాడో లేదో.