మేకుల లాడం ఎప్పటిది? మూడు సాక్ష్యాల్లో ఏది మేలు?

గుర్రపు డెక్కకు లాడం పెట్టి మేకులు కొట్టడం ఐరోపాలో ఎప్పుడు మొదలైందన్న వాదనలో తరచుగా మూడు సాక్ష్యాలు ముందుకు వస్తాయి. నా దృష్టిలో మూడింటికీ ఒకే విలువ లేదు.

ఎక్కువ పేరున్నది చిల్డెరిక్ సమాధి. సుమారు 481లో మరణించిన ఈ ఫ్రాంకుల రాజు సమాధి నేటి బెల్జియంలోని తూర్నైలో 1653లో బయటపడింది. బంగారు తేనెటీగలతో పాటు గుర్రపు పుర్రె, తుప్పుపట్టిన ఇనుప ముక్క దొరికాయి. ఆ ముక్క లాడమేనని షిఫ్లే అనే వైద్యుడు 1655లో రాశాడు. మేకుల రంధ్రాల్లో తుప్పు తీయబోతే అది విరిగిపోయిందని చెప్పిందీ ఆయనే! ఆయన పుస్తకంలోని నిండు లాడం బొమ్మ ఊహతో పూరించినది. సమాధి కాలం ఖాయమే, వస్తువు మీదే అనుమానం.

బ్రిటన్ లాడాల విషయంలో ఇది తలకిందులు. రోమన్ల నాటి స్థలాల్లో దొరికిన అలల అంచు లాడాలను ఆ కాలానివేనని, ఇంకా పాతవని కూడా అన్నారు. సన్నని ఇనుప పట్టీలో మేకు తల దిగేంత రంధ్రం పొడిస్తే బయటి అంచు ఉబ్బుతుంది. ఆ అలలు అలా వచ్చినవే. కానీ లాడం ఊడేది దారిలో, బురదలో, పొలంలో. నాగలి చాలు, కుందేలు బొరియ చాలు, అది కింది పొరకు జారడానికి. లండన్‌లో కాలం గట్టిగా తెలిసిన పొరల్లో ఇదే రకం 11, 12 శతాబ్దాల నాటిదిగా తేలింది. రోమన్ల ఇనుప పాదరక్షలను మాత్రం ఈ లెక్కలో కలపకూడదు. వాటికి మేకులు లేవు, డెక్కకు కట్టేవారు.

మూడోది మట్టిలో దొరికింది కాదు. బైజాంటైన్ చక్రవర్తి ఆరవ లియో పేరిట 900 ప్రాంతంలో వెలువడిన యుద్ధతంత్ర గ్రంథం అశ్వదళ సామగ్రిలో నెలవంక ఆకారపు ఇనుములను, వాటి మేకులను పేర్కొంటుంది. వింత వస్తువుగా కాదు, మామూలు సరుకుగా. కాబట్టి వాడుక అంతకు కొంత ముందే మొదలై ఉండాలి.

నా మొగ్గు ఈ గ్రంథానికీ, దానికి తోడుగా లండన్ పొరలకూ. ఎవరూ కదపని 5వ శతాబ్దపు గుంతలో, డెక్క ఎముకకు అంటుకుని మేకులతో సహా ఒక్క లాడం దొరికితే చిల్డెరిక్ పక్షానికి మారడానికి నేను సిద్ధం.