మాలి దాకా తీసుకుపోయింది, లింగాలకు దారి చూపలేదు: ఒక పాటల యాప్‌తో నాలుగేళ్లు

పాటల యాప్‌కు నెలకెంత, శబ్దం ఎలా ఉంటుంది, నడుమ ప్రకటనలు వస్తాయా రావా అన్న సంగతులు ఈపాటికి అందరికీ తెలిసినవే కనుక వాటి జోలికి పోవడం లేదు. నాలుగేళ్లుగా ఏటా చందా కట్టి నేను వాడుతున్న యాప్‌లో నన్ను కట్టిపడేసినదీ, ఒక సాయంత్రం మా నాయన ముందు నన్ను చిన్నబుచ్చినదీ ఒకే సదుపాయం. ఏ గాయకుడి పేజీ తెరిచినా అట్టడుగున “అభిమానులు వీరినీ వింటారు” అంటూ గుండ్రటి ఫొటోల వరుస ఒకటి కనిపిస్తుంది. చాలామంది అంత కిందికి దిగరు. నేను ఉద్యోగ విరమణ చేసి మహబూబ్‌నగర్‌లో తీరికగా ఉన్నవాణ్ని కాబట్టి మొదటి రెండేళ్లూ దాదాపు ఆ వరుసలోనే కాపురం ఉన్నాను.

ముందు దాని మంచి చెప్పాలి. చదువుకునే రోజుల్లో హైదరాబాద్‌లో పండిట్ విఠల్‌రావు గజళ్లు ఎదురుగా కూర్చొని విన్నవాణ్ని. 2015లో ఆయన పోయిన తర్వాత ఆ తీరు పాట మళ్లీ దొరకలేదన్న వెలితి ఉండేది. యాప్‌లో ఆయన పేరు కింద మెహదీ హసన్, గులాం అలీ, జగ్జీత్ సింగ్ వరసగా కనిపించారు. గజల్ వినే వారెవరికీ ఈ పేర్లు యంత్రం చెప్పనక్కర లేదు. ఆ పెద్దలందరినీ దాటి చివరికంటా జరిపితే కిరణ్ అహ్లువాలియా అనే పేరు వచ్చింది. కెనడాలో పెరిగిన ఈమె గజల్ నేర్చుకోవడానికి హైదరాబాద్ వచ్చి విఠల్‌రావు దగ్గర శిష్యరికం చేశారని తెలిసినప్పుడు, ఎప్పుడో దూరమైన చుట్టాల బిడ్డ బజారులో ఎదురుపడి పలకరించినట్టు అనిపించింది. 2011లో వచ్చిన ఆల్బమ్‌లో ఆమె సహారా ఎడారికి చెందిన తినారివెన్ అనే తువారెగ్ తెగవారి బృందంతో కలిసి పాడారు. తినారివెన్ పేజీ అడుగున అలీ ఫర్కా తూరే ఉన్నారు. పశ్చిమ ఆఫ్రికాలో మాలి దేశంలోని నియాఫుంకే అనే ఊళ్లో సేద్యం చేసుకుంటూ, గిటారు వాయించుకుంటూ, 2004లో ఆ ఊరికే మేయర్ అయిన మనిషి ఆయన. ఆయన పేజీ అడుగున తుమాని డియాబాటే. సగానికి కోసిన పెద్ద సొరబుర్రకు ఆవుతోలు బిగించి, 21 తీగలు కట్టి వాయించే కోరా అనే వాద్యానికి తుమాని పెట్టింది పేరు. ఈ ఇద్దరూ కలిసి 2005లో తెచ్చిన ఆల్బమ్‌ను ఆ రాత్రి రెండుసార్లు విన్నాను. హైదరాబాద్‌లో బయలుదేరి నాలుగు మజిలీలు దాటేసరికి మాలి చేరాను.

ఆ ఉత్సాహంలో ఈ యాప్‌కు సంగీతం తెలుసునని నలుగురికీ చెప్పాను. ఇప్పుడు ఆ మాటను కొంత వెనక్కి తీసుకోవలసి ఉంది. ఆ గురుశిష్య సంబంధాన్ని నాకు చెప్పింది యాప్ వరుస కాదు, కిరణ్ పేజీలో ఎవరో మనిషి కూర్చొని రాసిపెట్టిన నాలుగు ముక్కల పరిచయం. యాప్‌కు తెలిసిందల్లా విఠల్‌రావును విన్నవాళ్లలో కొందరు ఆమెనూ విన్నారన్నదే. ఆ మాటకొస్తే వరుస మీద రాసి ఉన్నదీ అదే; “అభిమానులు వింటారు” అన్నదాన్ని “ఒకే బాణీవారు” అని చదువుకున్నది నేనే.

ఆ తేడా అచ్చంపేటలో తెలిసివచ్చింది. 82 ఏళ్ల మా నాయన అక్కడే ఉంటారు. తన చిన్నతనంలో డక్కలి కులం కళాకారులు కిన్నెర అనే తీగల వాద్యం భుజాన వేసుకొని ఊళ్లోకి వచ్చి పండుగ సాయన్న అనే జానపద వీరుడి కథ చెబుతుంటే తెల్లవార్లూ కూర్చొని విన్నానని ఇప్పటికీ చెబుతారు. ఈ ఏడాది సంక్రాంతికి వెళ్లినప్పుడు, లింగాల మండలం అవుసలికుంటకు చెందిన, 2022లో పద్మశ్రీ అందుకున్న పన్నెండు మెట్ల కిన్నెర మొగులయ్య పాట పెట్టి, ఫోన్ నాయన చెవి దగ్గర ఉంచాను. ఆయన వేళ్లు నవారు మంచం పట్టె మీద ఆడడం మొదలుపెట్టాయి. పాట అయిపోగానే, “ఇసొంటోళ్లు ఇంకెవరన్న ఉన్నరా?” అని అడిగారు. ఆ ప్రశ్న కోసమే ఇన్నేళ్లు చందా కట్టినవాడిలా గబగబా పేజీ అడుగుకు జరిపాను. మొదటి ఫొటో సినిమా సంగీత దర్శకుడిది. రెండోది సినిమా గాయనిది. మూడోది ఇంకో సంగీత దర్శకుడిది. ఎనిమిది ఫొటోలు దాటినా కిన్నెర పట్టుకున్న మనిషి ఒక్కడూ కనిపించలేదు. సరే, మొగులయ్య పేరుతోనే ఉన్న రేడియో, అంటే ఆ తీరు పాటలను యాప్ తానే వరసగా వేసే మీట, నొక్కితే ఏమైనా దొరుకుతుందేమోనని నొక్కాను. రెండో పాటకే డీజే మోత మొదలై మంచం కింద పడుకున్న కుక్క లేచి వాకిట్లోకి పోయింది. నాయన కళ్లద్దాలు తీసి పక్కన పెట్టి, “ఇది కిన్నెర గాదు గద బిడ్డా,” అన్నారు. అంతకంటే ఏమీ అనలేదు.

ఎందుకిలా అయిందో తర్వాత నిదానంగా ఆలోచిస్తే బోధపడింది. మొగులయ్య గొంతు ఒక పెద్ద హీరో సినిమా పాటలో వినిపించింది. ఆ ఒక్క పాట విన్నవాళ్ల ముందు ఆయన కిన్నెర కథలు విన్నవాళ్లు ఏ మూలకూ రారు. లెక్క వినేవారిది కాబట్టి, ఆ సినిమా శ్రోతలు ఆ తర్వాత ఏం విన్నారో అదే ఆయనకు ఇరుగుపొరుగు అయింది. దానికి తోడు ఆయన పేరు ఒకచోట మొగులయ్య అనీ, ఇంకొకచోట మొగిలయ్య అనీ ఉండి రెండు పేజీలుగా చీలిపోయింది. మిగతా జానపద కళాకారుల పాటలు చాలావరకు పాడినవారి పేరు మీద గాక, రికార్డు చేసి ఎక్కించిన కంపెనీ పేరు మీద ఉన్నాయి; పాడినవాడికి పేజీయే లేనప్పుడు వరుసలోకి ఎక్కడి నుంచి వస్తాడు? ఏ పాటకు ఏది దగ్గరో తేల్చడానికి అమెరికాలో పాటలు వినిపించే పండోరా సంస్థ సంగీతం తెలిసిన మనుషులను కూర్చోబెట్టి ఒక్కొక్క పాటకు వందల లక్షణాలు రాయించింది. 2002లో లండన్‌లో మొదలైన లాస్ట్ ఎఫ్‌ఎం అనే పాటల వెబ్‌సైట్ ఎవరెవరు ఏమేం విన్నారో లెక్కగట్టే దారి పట్టింది. నా యాప్‌లోని ఈ వరుస రెండో దారిదే. సంస్థకు రెండుసార్లు రాశాను. మీ సూచనను సంబంధిత విభాగానికి పంపాము అన్న జవాబు రెండుసార్లూ పొల్లుపోకుండా వచ్చింది.

ఆ సాయంత్రం మాత్రం అక్కడితో ముగియలేదు. మాట మార్చడానికి తుమాని కోరా పెట్టాను. నాయన వేళ్లు మళ్లీ పట్టె మీదికి వచ్చాయి. “ఈయనది ఏ ఊరు?” అన్నారు. ఆఫ్రికా అన్నాను. “మెట్లెన్ని?” కిన్నెర మీద స్వరం మార్చడానికి తీగను అదిమే గడులే మెట్లు. కోరాకు మెట్లు లేవు, 21 తీగలు, రెండు చేతుల బొటనవేళ్లతో, చూపుడువేళ్లతో మీటుతారు అన్నాను. “మెట్లు లేకుంట పాటెట్ల పలుకుతది?” ఒక్కో స్వరానికి ఒక్కో తీగ ఉంటుందని చెబితే కాసేపు నమ్మలేదు. ఈ విద్య అక్కడ తండ్రి నుంచి కొడుక్కి వస్తుందనీ, వాళ్లు పాతకాలపు రాజుల కథలూ వంశాల కథలూ పాడతారనీ చెప్పాను. “మన డక్కలోల్ల లెక్కనే,” అన్నారు. నాలుగేళ్లలో యాప్ పక్కపక్కన పెట్టలేకపోయిన రెండు పేర్లను ఆయన అర నిమిషంలో కలిపేశారు. తుమాని 2024లో చనిపోయిన సంగతి నేను చెప్పలేదు.

డబ్బు కట్టవచ్చా అని అడిగితే, మీరు ఏం వింటారన్నదాన్ని బట్టి ఉంటుంది. గజల్, శాస్త్రీయ సంగీతం, బయటి దేశాల సంగీతం అయితే పెద్ద పేరు దగ్గర కాకుండా ఓ మోస్తరు పేరున్నవారి దగ్గర మొదలుపెట్టి, మొదటి ఐదారుగురిని వదిలేసి వరుస చివరివారిని నొక్కండి. నాకు దొరికినవన్నీ అక్కడివే. మనం విన్నవాటిని బట్టి యాప్ వారం వారం తయారుచేసి ఇచ్చే పాటల జాబితాను మాత్రం నమ్ముకోవద్దు. పోయిన బతుకమ్మకు మా కాలనీ ఆడవాళ్లు తొమ్మిది రోజులూ నా ఫోన్‌తోనే స్పీకర్ నడిపారు, దీపావళి దాటినా నా జాబితాలో డీజే ఉయ్యాల పాటలే తప్ప ఒక్క గజల్ కనిపించలేదు. కిన్నెర, శారద కథ, ఒగ్గు కథ లాంటి జానపద కథాగానాల కోసమే అయితే యూట్యూబ్‌లో ఊరి పేరు వేసి వెతకడమే నాకు ఇప్పటికీ మేలనిపిస్తోంది.

నేను ఈ ఏడాది కూడా చందా కట్టాను. నాయన ఫోన్‌లో నా ఖాతా వేసి, ఆ కోరా పాటలు డౌన్‌లోడ్ చేసి ఇచ్చాను. 30 రోజులకు ఒకసారైనా ఇంటర్నెట్‌కు కలపకపోతే డౌన్‌లోడ్ చేసినవి పలకవని ఆయనకు చెప్పడం మరిచాను. పోయిన వారం పక్కింటివాళ్ల ఫోన్ నుంచి చేసి, “ఆ ఇరవయ్యొక్క తీగలాయన యాడికి పోయిండు?” అని అడిగారు.