బ్లాక్ ప్లేట్ ఆపి చూడటం అలవాటైన ఆరేళ్లకి: అక్రోబాట్ ప్రోలో అవుట్‌పుట్ ప్రివ్యూ

పీడీఎఫ్‌లు చూసి సరిచేసుకునే అక్రోబాట్ ప్రోలో మిగతావన్నీ తీసేసినా సరే, ఏ ఇంకు ఎక్కడ పడుతుందో అచ్చుకి ముందే చూపించే ఈ ఒక్క అవుట్‌పుట్ ప్రివ్యూ ఉంటే నేను డబ్బు కడతాను. అంత ఇష్టం ఎందుకో చెప్తాను.

ఆరేళ్ల కిందట రంగుల ఫొటోలున్న 160 పేజీల పుస్తకం చేశాను. తెర మీద అక్షరాలు కాటుకలా నల్లగా ఉన్నాయి. అచ్చయిన మొదటి ఫారం (కొన్ని పేజీలు కలిపి అచ్చేసే షీటు) విప్పి చూస్తే ఒత్తుల పక్కన సన్నగా గులాబీ నీడ! ఫుట్‌నోట్లలో అయితే తలకట్లు రెండేసి కనిపిస్తున్నాయి. మీ మిషన్ మీద రిజిస్ట్రేషన్ (రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవడం) తప్పిందని ప్రెస్‌వాళ్లతో గొడవ పెట్టుకున్నాను. ఆపరేటర్ మారు మాట్లాడకుండా నా పీడీఎఫ్‌నే తెరిచి, అవుట్‌పుట్ ప్రివ్యూలో నాలుగు ఇంకుల ప్లేట్ల (ఒక్కో ఇంకుకి ఒక్కో అచ్చు రేకు) జాబితాలో బ్లాక్ పక్కనున్న టిక్ తీసేశాడు. అక్షరాలన్నీ మాయమవ్వాలి కదా. ఒక్కటీ పోలేదు, మసక గోధుమరంగులో అలాగే ఉన్నాయి. కర్సర్ పెడితే సయాన్ (నీలం) 75, మెజెంటా (గులాబీ) 68, ఎల్లో 67, బ్లాక్ 90 శాతం. వర్డ్ ఫైల్‌తో వచ్చిన ఆర్‌జీబీ (తెర కోసం వాడే ఎరుపు, ఆకుపచ్చ, నీలం పద్ధతి) నలుపు అచ్చుకి మారేసరికి నాలుగు రంగులైపోయింది. బ్లాక్ ఒక్కటే 100 పడాల్సిన చోట ఒక్కో అక్షరం మీద నాలుగు ప్లేట్లు పడుతుంటే, కాగితం వెంట్రుకవాసి జరిగినా రంగు బయటికి రాదూ? తప్పు నాదే. క్షమించమని అడిగి, ఫైల్ సరిచేసి, మళ్లీ వేయించాను.

అప్పట్నుంచి బ్లాక్ ఆపి చూడకుండా ఒక్క ఫైల్ కూడా పంపలేదు. మొన్నామధ్య ఇదే ప్యానెల్ ఇంకో మేలు చేసింది. ఎవరో పంపిన లోగోలో తెల్ల అక్షరాలకి ఓవర్‌ప్రింట్ పెట్టి ఉంది, అంటే కింది రంగుని తీయకుండా దాని మీదే వేయమని. తెలుపుకి ఇంకే ఉండదు కదా. సిమ్యులేట్ ఓవర్‌ప్రింటింగ్ పెట్టగానే పేరు మొత్తం ఎగిరిపోయింది. ప్లేట్లకి వెళ్లకముందే దొరికింది కాబట్టి బతికిపోయాం.

ఇందులో కనిపించిందే అచ్చులో వస్తుందని మొదట్లో అందరికీ చెప్పేవాణ్ని. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. ఎలాంటి ప్రెస్, ఎలాంటి కాగితం అని చెప్పే సిమ్యులేషన్ ప్రొఫైల్ ఏది ఎంచుకుంటే అంకెలు దాని ప్రకారమే వస్తాయి. ఆర్‌జీబీ ఫొటోని కూడా సీఎంవైకేలోకి, అంటే ఆ నాలుగు ఇంకుల్లోకి, మారిపోయినట్టే చూపిస్తుంది. షో మెనూలో ఆర్‌జీబీ ఎంచుకుంటేనే అసలు సంగతి తెలుస్తుంది. మొత్తం ఇంకు పరిమితి (ఒకేచోట పడే నాలుగు ఇంకుల శాతాలు కలిపి) కూడా ప్రెస్‌ని అడిగి మనమే పెట్టుకోవాలి. ఆర్ట్ పేపర్ మీద 300 శాతం ఆగుతుంది గానీ, న్యూస్‌ప్రింట్‌కి 240 దాటితే కష్టం.

నెలకి రెండు మూడు పుస్తకాలు ప్రెస్‌కి పంపే పని నాది, కాబట్టి నాకు గిట్టుబాటే. ఉచితంగా వచ్చే రీడర్‌లో ఈ ప్యానెల్ ఉండదు. ఎప్పుడో ఒకసారి కరపత్రమో కార్డో వేయించుకునేవాళ్లు దీనికోసం చందా కట్టక్కర్లేదు. ప్లేట్లు చేసేముందు ఒక్కసారి బ్లాక్ ఆపి చూపించమని ప్రెస్‌లోనే అడగండి.