బరువైన లెన్స్‌కు ఏ హెడ్ మేలు: బాల్, గింబల్, ఫ్లూయిడ్?

పెద్ద టెలీ లెన్స్ (దూరపువాటిని దగ్గరగా చూపేది) కొన్నవాళ్లు ట్రైపాడ్ హెడ్ (ట్రైపాడ్ మీద కెమెరాను పట్టి తిప్పే భాగం) దగ్గరికి వచ్చేసరికి ముందు ఒక్క అంకె చూస్తారు: ఎన్ని కిలోలు మోస్తుంది? లెన్స్, కెమెరా కలిపి 3 కిలోలే, హెడ్ డబ్బా మీద 20 కిలోలని రాసి ఉంది, ఇంకేం కావాలి అనుకుంటారు. తీరా లెన్స్ ఎక్కించి, కొమ్మ మీద పిట్టను సరిగ్గా ఫ్రేమ్ మధ్యలో పెట్టి, నాబ్ బిగించి చెయ్యి తీస్తే, పిట్ట ఫ్రేమ్ పై అంచుకు చేరి ఉంటుంది. మళ్లీ వదులు చెయ్యడం, మళ్లీ బిగించడం. ఈలోపు పిట్ట ఎగిరిపోతుంది.

హెడ్ పాడైపోయి అలా జరగలేదు. లెన్స్ ముక్కు కొంచెం కిందికి వాలింది, అంతే. ఆ కొంచెం ఎంతో లెక్క వేస్తే అసలు విషయం అర్థమవుతుంది. ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు 600 ఎం.ఎం. లెన్స్ పెడితే అడ్డంగా కనిపించేది దాదాపు 3.4 డిగ్రీలే. 24 మెగాపిక్సెల్ ఫోటోలో ఆ వెడల్పు 6000 పిక్సెళ్లు. అంటే హెడ్ డిగ్రీలో పదో వంతు వాలినా బొమ్మ 175 పిక్సెళ్లు జరుగుతుంది. అదే వాలు 50 ఎం.ఎం. లెన్స్‌తో 15 పిక్సెళ్లు కూడా దాటదు కాబట్టి ఎవరి కంటా పడదు. మామూలు లెన్స్‌తో బండలా నిలబడ్డ హెడ్డే పెద్ద లెన్స్‌తో ఎందుకు ఏడిపిస్తుందో ఇదీ సంగతి.

డబ్బా మీద కిలోల అంకె విషయానికొస్తే, ఏ కంపెనీ కొలత దానిది. ఒకరి 20ని ఇంకొకరి 20తో పోల్చి లాభం లేదు. నేనైతే కిలోల సంగతి పక్కన పెట్టి, హెడ్ ఏ ఇరుసు మీద తిరుగుతుందో దానికి లెన్స్ బరువు పైన ఉందా, పక్కన ఉందా, సమానంగా ఉందా అని చూస్తాను. ఏ హెడ్ ఎందుకు మేలో తేల్చేది అదే.

బాల్ హెడ్

అందరి దగ్గరా ముందు ఉండేది ఇదే. చిన్నది, తేలిక, ఒక్క నాబ్ తిప్పితే ఎటు కావాలంటే అటు. ట్రైపాడ్ కాళ్లు ఎగుడుదిగుడుగా ఉన్నా కెమెరాను సమంగా పెట్టుకోవచ్చు. ల్యాండ్‌స్కేప్, పోర్ట్రెయిట్, ప్రయాణాలు, వీటికి బాల్ హెడ్‌ను మించింది లేదు.

పెద్ద లెన్స్‌తో ఇబ్బంది ఏమిటంటే, బరువంతా బంతికి పైన ఉంటుంది. నిటారుగా ఉన్నంతసేపూ బానే ఉంటుంది. నాబ్ వదులు చేసి కొంచెం వంచగానే బరువు ఆ పక్కకే లాగుతుంది, వంచే కొద్దీ ఆ లాగుడు పెరుగుతుంది. చెయ్యి ఏమరితే లెన్స్ ధబాలున వాలి ట్రైపాడ్ కాలికి కొట్టుకుంటుంది. మధ్యలో వేళ్లుంటే ఇంక చెప్పక్కర్లేదు. అందుకే పెద్ద లెన్స్‌ను బాల్ హెడ్ మీద వాడేవాళ్ల ఎడమ చెయ్యి ఎప్పుడూ లెన్స్ కిందే ఉంటుంది. కదిలే జీవిని వెంబడించాలంటే నాబ్ వదులుగా ఉండాలి, వదులుగా ఉంటే లెన్స్ నిలవదు. ఈ చిక్కుకు బాల్ హెడ్‌లో పూర్తి పరిష్కారం లేదు. టెన్షన్ నాబ్ (బంతి ఎంత బిగువుగా కదలాలో పెట్టుకునేది) ఉన్నవి కొంత నయం, ఆర్కా స్విస్ మోనోబాల్ జడ్1 లాంటి వాటిలో బంతిని అచ్చమైన గుండ్రంగా కాకుండా, వంగే కొద్దీ బిగువు పెరిగేలా చేశారు. అదీ కొంత సాయమే తప్ప మొత్తం తీర్చదు.

కదలని వాటికి మాత్రం పెద్ద బాల్ హెడ్ బాగానే పనికొస్తుంది. బంతి ఎంత పెద్దదైతే బిగిసే పట్టు అంత ఎక్కువ. రియల్లీ రైట్ స్టఫ్ బీహెచ్55 పేరులో ఉన్న 55 బంతి వ్యాసమే, మిల్లీమీటర్లలో. 600 వరకూ వెళ్లే జూమ్‌ను బాల్ హెడ్ మీదే పెట్టాలనుకుంటే ఇంచుమించు ఆ సైజు చూసుకోండి. 30, 35 ఎం.ఎం. బంతుల జోలికి పోకండి, డబ్బా మీద ఎన్ని కిలోలున్నా సరే.

గింబల్

మొబైల్ వీడియోలకు వాడే మోటారు గింబల్ కాదిది. మోటారు, బ్యాటరీ ఏమీ ఉండవు. ట్రైపాడ్ మీద నిలబడ్డ ఒక చెయ్యి, దానికి వేలాడే ఒక పీట. లెన్స్ చుట్టూ ఉండే కాలర్ అనే పట్టీకి కింద ఒక కాలు ఉంటుంది, అదే లెన్స్ ఫుట్. దానికి ఒక ప్లేట్ తగిలించి ఆ పీట మీది క్లాంప్‌లో బిగిస్తాం. అప్పుడు లెన్స్, కెమెరాల ఉమ్మడి బరువు కేంద్రం సరిగ్గా ఇరుసు ఎత్తుకు వస్తుంది. ఇంక ఎటు లాగడానికీ బరువుకు కారణం ఉండదు. ఉయ్యాలలో కూర్చోబెట్టినట్టు, 4 కిలోల సరంజామాను ఒక్క వేలితో తోయచ్చు, వదిలేసిన చోటే ఆగుతుంది. నాబ్ బిగించాల్సిన పనే చాలాసార్లు రాదు.

అయితే ఇదంతా బ్యాలెన్స్ సరిగ్గా చేస్తేనే. గింబల్ కొని, లెన్స్‌ను ఏదో ఒక చోట బిగించి, నాబ్‌లు గట్టిగా తిప్పి వాడేవాళ్లున్నారు. అలా అయితే అది బరువైన బాల్ హెడ్ కిందే లెక్క. చెయ్యాల్సింది రెండు సర్దుబాట్లు. ముందు టిల్ట్ నాబ్ (లెన్స్ పైకీ కిందికీ వంగడాన్ని ఆపేది) బిగించి ఉంచే లెన్స్‌ను క్లాంప్‌లో పెట్టండి, క్లాంప్ బిగించండి. ఒక చెయ్యి లెన్స్ కింద ఉంచి టిల్ట్ నాబ్ మెల్లగా వదులు చెయ్యండి. ముక్కు కిందికి పోతే ప్లేట్‌ను కెమెరా వైపు జరపాలి, కెమెరా కిందికి పోతే ముందుకు జరపాలి. ప్రతిసారీ టిల్ట్ బిగించాకే క్లాంప్ వదులు చెయ్యండి. చేతులు తీసినా అడ్డంగా నిలిచిందా, మొదటిది అయినట్టే.

రెండోదాన్ని చాలామంది వదిలేస్తారు. లెన్స్‌ను 30, 40 డిగ్రీలు పైకి ఎత్తి వదలండి. ఇంకా వెనక్కి పడిపోతుంటే బరువు ఇరుసుకు పైన ఉన్నట్టు, పీటను దించాలి. తనంతట తాను అడ్డంగా వచ్చేస్తుంటే బరువు కింద ఉన్నట్టు, పీటను ఎత్తాలి. ఎత్తిన చోటే నిలిస్తే పని అయిపోయింది. ప్లేట్ మీద ఆ చోట మార్కర్‌తో ఒక గీత గీసుకోండి, మర్నాడు మళ్లీ వెతుక్కోనక్కర్లేదు.

ఇక్కడ లెన్స్ రకం కూడా చూసుకోవాలి. సోనీ 200-600, నికాన్ జడ్ 180-600 లాంటివి జూమ్ చేసినా పొడవు మారవు, అందుకని బ్యాలెన్స్ పెద్దగా చెదరదు. సిగ్మా, టామ్రాన్ 150-600లు డీఎస్ఎల్ఆర్ కాలం నుంచీ ముందుకు సాగే రకం. వీటిని మీరు ఎక్కువగా వాడే ఫోకల్ లెంగ్త్ దగ్గర పెట్టి బ్యాలెన్స్ చేసుకోండి, పిట్టలవాళ్లకు అది దాదాపు ఎప్పుడూ చివరి కొసే. టెలీకన్వర్టర్ (లెన్స్ ఫోకల్ లెంగ్త్ పెంచే చిన్న జోడింపు) తగిలించినా, బాడీ మార్చినా మళ్లీ చూసుకోవాలి.

లోపాలు లేకపోలేదు. పెద్ద గింబళ్లు కిలో దాటి బరువుంటాయి, వింబర్లీ డబ్ల్యూహెచ్200 దాదాపు 1.4 కిలోలు. సంచీలో ఏ మూలా ఇమడని ఆకారం. వైడ్ లెన్స్‌తో ల్యాండ్‌స్కేప్ తీద్దామంటే పనికిరాదు. కాలర్ లేని లెన్స్‌లకు దండగ. పైగా ట్రైపాడ్ సమంగా లేకపోతే, ఒక దిక్కున సరిగ్గా ఉన్న హొరైజన్ ప్యాన్ చేసే (పక్కకు తిప్పే) కొద్దీ ఒరిగిపోతుంది. కాలర్ తిప్పి సరిచేస్తే ఆ ఒక్క దిక్కుకే. అందుకని గింబల్‌తో పాటు లెవలింగ్ బేస్ (కాళ్లు కదపకుండా హెడ్‌ను సమం చేసే పీఠం) కూడా ఖర్చులో వేసుకోండి. లేదంటే ప్రతి చోటా కాళ్లు ఎక్కిస్తూ దించుతూ కూర్చోవాలి.

అయినా 2 కిలోలు దాటిన లెన్స్, కదిలే జీవులు, ఎక్కువగా ఫోటోలే అయితే నా ఓటు కళ్లు మూసుకుని గింబల్‌కే.

ఈ రెంటికీ మధ్య ఒక దారి ఉంది. వింబర్లీ సైడ్‌కిక్ లాంటి పరికరాన్ని ఉన్న బాల్ హెడ్‌కు పక్కగా తగిలిస్తే అది గింబల్‌లా పనిచేస్తుంది. బాల్ హెడ్ పెద్దదై, కింది ప్యానింగ్ బేస్ గట్టిగా ఉంటేనే. 2 కిలోల జూమ్‌కు, ఒకే సంచీతో అన్నీ తియ్యాలనుకునేవాళ్లకు తెలివైన బేరం. 600 ఎఫ్/4 లాంటి బాగా బరువైన లెన్స్‌లకు మాత్రం పూర్తి గింబలే తీసుకోండి.

ఫ్లూయిడ్ హెడ్

వీడియో తీస్తే లెక్క మారిపోతుంది. గింబల్ తేలిగ్గా తిరుగుతుంది, కానీ ఆ తేలికే వీడియోకు శత్రువు. మొదలుపెట్టేటప్పుడు చిన్న కుదుపు, ఆపేటప్పుడు ఇంకోటి, 600 దగ్గర రెండూ స్పష్టంగా కనిపిస్తాయి. ఫ్లూయిడ్ హెడ్‌లోని డ్రాగ్ (కదలికకు అడ్డుపడే బిగువు) చేతి వణుకును మింగేసి కదలికను ఒకే వేగంలో ఉంచుతుంది. పొడవాటి హ్యాండిల్ ఉండటం వల్ల కెమెరాను ముట్టుకోకుండానే తిప్పచ్చు.

ఇందులో బరువు ఇరుసుకు పైనే ఉంటుంది. వాలిపోకుండా ఆపేది లోపలి స్ప్రింగ్, దాన్నే కౌంటర్‌బ్యాలెన్స్ అంటారు. కొనేటప్పుడు చూడాల్సింది మోసే బరువు కాదు, ఈ స్ప్రింగ్ ఏ బరువుకు సెట్ అయి ఉందో. మ్యాన్‌ఫ్రోటో ఎంవీహెచ్500ఏహెచ్‌లో అది 2.4 కిలోలకు స్థిరం. అంతకంటే బాగా తేలికైతే వంచిన హెడ్ తిరిగి పైకి లేస్తుంది, బాగా బరువైతే వాలిపోతుంది. మెట్లుగా మార్చుకునే స్ప్రింగ్ ఉన్న హెడ్‌లు ఖరీదే, కానీ రెండు మూడు లెన్స్‌లు మార్చేవాళ్లకు అవే నయం.

నెత్తి మీద గిరికీలు కొట్టే గద్దను ఫ్లూయిడ్ హెడ్‌తో వెంబడించడం కష్టం. డ్రాగ్ సున్నాకు తెచ్చినా గింబల్ చురుకు రాదు, హ్యాండిల్ ఛాతీకి తగులుతుంటుంది. మడుగులో మెల్లగా నడిచే కొంగలకైతే హాయిగా ఉంటుంది. సగం వీడియో, సగం ఫోటోలు తీసేవాళ్లు నిస్సంకోచంగా దీన్నే కొనచ్చు. గింబల్‌తో వీడియో తియ్యడం కన్నా దీంతో ఫోటోలు తియ్యడమే సులువు.

గేర్డ్ హెడ్‌ల గురించి ఒక మాట. పళ్ల చక్రాలతో నాబ్ తిప్పినంత మేరకే కదులుతాయి, వదిలితే వాలవు. పరుగెత్తే దేనికీ పనికిరావు. చంద్రుణ్ని తీసేవాళ్లు మాత్రం ఒకసారి చూడండి. చంద్రుడు ఆకాశంలో దాదాపు రెండు నిమిషాలకు తన వెడల్పంత దూరం జరుగుతాడు. ఆ వేగానికి నాబ్ అప్పుడప్పుడు కొద్దికొద్దిగా తిప్పుతూ పోతే చాలు.

హెడ్ కింద ఉన్నవి

ఏ హెడ్ కొన్నా సన్నటి కాళ్ల ట్రైపాడ్ మీద పెడితే డబ్బు నీళ్లలో పోసినట్టే. సెంటర్ కాలమ్ ఎత్తకండి, కుదిరితే తీసేయండి. లెన్స్ ఫుట్‌కు ఒకే స్క్రూతో బిగించిన పొట్టి ప్లేట్ మెలితిరుగుతుంది. రెండు స్క్రూలు పట్టేది లేదా అంచు లేచి తిరగకుండా ఆపేది తీసుకోండి, దాని రెండు కొసలా సేఫ్టీ స్క్రూలు ఉండాలి. క్లాంప్ వదులైన రోజున లెన్స్ నేల మీద పడకుండా కాపాడేది ఆ చిన్న స్క్రూలే.

వాడిన హెడ్ కొంటున్నా, కొత్తది పరీక్షిస్తున్నా మీ లెన్స్ తీసుకెళ్లండి. లైవ్ వ్యూలో పెద్దది చేసి దూరంగా ఒక అక్షరం మీద పెట్టండి. బిగించి చెయ్యి తీసినప్పుడు అది ఎంత జరిగిందో చూడండి. తర్వాత లెన్స్ హుడ్ మీద వేలితో చిన్నగా తట్టి, బొమ్మ ఎంతసేపటికి కుదుటపడుతుందో గమనించండి. చివరగా ప్యాన్ నాబ్ వదులు చేసి, వీలైనంత నెమ్మదిగా తోయండి. మొదట మొరాయించి తర్వాత ఒక్కసారిగా జారే హెడ్ అయితే, ఎంత పేరున్నదైనా తిరిగి ఇచ్చేయండి.