మిసిసిపీ ఒడ్డున డకోటా పుణ్యస్థలాలు: ఏవి చూడాలి, ఎక్కడ దిగాలి

మినియాపొలిస్ వెళ్లిన మనవాళ్లు మాల్ ఆఫ్ అమెరికా, మిన్నెహాహా జలపాతం, మేపుల్ గ్రోవ్‌లోని హిందూ దేవాలయం చూసుకుని వచ్చేస్తారు. చూడండి, అవన్నీ బాగుంటాయి. కానీ అక్కడి విమానాశ్రయం పక్కనే మిన్నెసోటా నది వచ్చి మిసిసిపీలో కలుస్తుంది. ఆ సంగమాన్ని అక్కడి ఆదివాసులైన డకోటా ప్రజలు బ్డోటె అంటారు. తమ జాతి పుట్టింది అక్కడేనని వాళ్లలో చాలామంది నమ్మకం. అక్కడి నుంచి ఎగువకు, నగరం నడిబొడ్డున ఉన్న జలపాతం దాకా దాదాపు పది మైళ్ల పొడవునా నది ఒడ్డున వాళ్లకు పవిత్రమైన చోట్లున్నాయి. ఆ పది మైళ్లలోనే నదికి లాకులు, ఆనకట్టలు, కాంక్రీటు పడ్డాయి. వాటిలో కొన్నిటిని తీసేసి నదిని మళ్లీ దాని దారిన పారనివ్వాలన్న ప్రయత్నం ఇప్పుడు నడుస్తోంది. అది చదివాకే ఈ వేసవిలో అత్తయ్యని కూడా తీసుకుని డాలస్ నుంచి బయల్దేరాం.

బస సంగతి ముందు చెప్పేస్తాను. నగరం నడిబొడ్డునున్న జలపాతానికి నడిచి వెళ్లగలిగే దూరంలో, పాత పిండిమిల్లుల పేటలో మంచి హోటళ్లున్నాయి. గది నుంచే నది కనిపిస్తుంది. అద్దె ఎక్కువ, రాత్రి పార్కింగ్‌కి వేరే కట్టాలి. విమానాశ్రయం వైపు బ్లూమింగ్టన్‌లో దిగితే ఖర్చు బాగా తగ్గుతుంది, బ్లూ లైన్ రైలు అందుబాటులో ఉంటుంది. మేం బ్లూమింగ్టన్‌లోనే దిగాం. హోటల్ వాళ్ల ఉచిత షటిల్ ఒక్కసారి కూడా చెప్పిన వేళకి రాలేదు, దాన్ని నమ్ముకోకండి. రైలు మాత్రం బాగుంది. మిన్నెహాహా పార్కు స్టేషన్‌లో దిగితే మిన్నెహాహా జలపాతం కాస్త నడక దూరమే. స్టేడియం స్టేషన్‌లో దిగితే మిల్లుల పేటకి నడిచి వెళ్లొచ్చు. సంగమానికి మాత్రం కారు కావాల్సిందే.

సంగమం ఫోర్ట్ స్నెల్లింగ్ స్టేట్ పార్కులో ఉంది. కారుకి రోజు పర్మిట్ 7 డాలర్లు. కొండమీది కోట వేరు, దాని కింద నది ఒడ్డునున్న ఈ పార్కు వేరు. కోటని మిన్నెసోటా హిస్టారికల్ సొసైటీ నడుపుతుంది, దానికి వేరే టికెట్. ఒక్కచోటికే సమయం ఉంటే కిందికే వెళ్లండి. వాహనం ఆపి పైక్ ఐలాండ్ మీదికి దాటితే మట్టిబాట ద్వీపం చుట్టూ తిరిగి, రెండు నదులూ కలిసే మొనకి చేరుస్తుంది. డకోటా వాళ్లకి ఈ ద్వీపం వీతా తంకా. బాట చదునుగానే ఉంటుంది కానీ దూరం ఎక్కువ, కూర్చోవడానికి బల్లలు తక్కువ. మోకాళ్ల నొప్పులున్న అత్తయ్య సగం దాకా వచ్చి ఒక దుంగ మీద కూర్చుండిపోయారు. దోమల మందు తప్పక పట్టుకెళ్లండి. తలమీదుగా విమానాలు దిగుతూనే ఉంటాయి.

పార్కు సందర్శకుల కేంద్రం దగ్గర డకోటా స్మారకం ఉంది. దాన్ని చూడకుండా ముందుకు పోవద్దు. అమెరికా ప్రభుత్వానికీ డకోటాలకీ మధ్య 1862లో జరిగిన యుద్ధం తర్వాత దాదాపు 1,600 మంది డకోటాలని, ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు, ఈ కోట కింద కంచె వేసి ఆ చలికాలమంతా బంధించారు. 130 నుంచి 300 మంది దాకా అక్కడే చనిపోయారని అంచనా. ఆ డిసెంబరు 26న మాంకెటో ఊళ్లో 38 మందిని ఒకేసారి ఉరితీశారు. మరుసటి ఏడు మిగిలినవాళ్లని రాష్ట్రం నుంచే వెళ్లగొట్టారు. తాము పుట్టామని నమ్మే నేలమీదే ఇదంతా జరిగింది. నది గురించి వాళ్లు మాట్లాడేటప్పుడు అందులో ఈ మనుషులు కూడా ఉంటారని ఆ స్మారకం ముందు నిలబడితే అర్థమవుతుంది.

అక్కడి నుంచి కొంచెం ఎగువన మ్ని స్ని, కోల్డ్‌వాటర్ స్ప్రింగ్ అనే ఊట. చలికాలంలో కూడా గడ్డకట్టదు. కోట కట్టడానికి వచ్చిన సైనికులు 1820లో ఈ ఊట దగ్గరే గుడారాలు వేసుకున్నారు. తర్వాత చాలా ఏళ్లు గనుల పరిశోధన శాఖ భవనాలుండేవి. నేషనల్ పార్క్ సర్వీస్ ఆ భవనాలన్నీ కూల్చేసి, స్థానిక గడ్డి, చెట్లు నాటి, 2012లో జనానికి తెరిచింది. కాంక్రీటు తీసేస్తే నేల ఎలా కోలుకుంటుందో చూడాలంటే ఇది చక్కటి చోటు. అక్కడక్కడా చెట్లకి కట్టిన రంగుగుడ్డలు కనిపిస్తాయి. అవి మొక్కుబడులు, ముట్టుకోకండి. టికెట్ లేదు, గైడూ లేడు. చెప్పేవాళ్లు లేకపోతే మామూలు ఊటలాగే కనిపిస్తుంది కాబట్టి ముందే చదువుకుని వెళ్లండి.

ఇక నన్ను అన్నిటికన్నా పట్టుకున్నది పర్యాటకుల జాబితాల్లో ఎక్కడా కనిపించని ఫోర్డ్ డ్యామ్. మిన్నెహాహా పార్కు పైన వాబున్ పిక్నిక్ స్థలం దగ్గర కారు ఆపుకుని, ఫోర్డ్ పార్క్‌వే వంతెన కాలిబాట మీద నుంచి చూడొచ్చు. అధికారికంగా దాని పేరు లాక్ అండ్ డ్యామ్ నంబర్ 1, కట్టింది 1917లో. మంచుయుగం చివర్లో సెయింట్ పాల్ దగ్గర మొదలైన మహా జలపాతం రాయిని కొరుక్కుంటూ వేల ఏళ్లపాటు ఎగువకి జరిగింది. అది వదిలివెళ్లిన లోయ ఇది. మిసిసిపీ పొడవు మొత్తానికి ఇలాంటి ఇరుకు రాతిలోయ ఇదొక్కటే అంటారు. ఆనకట్టకి ముందు ఇక్కడ నీళ్లు బండల మీద దూకుతూ పారేవి, ఆల్చిప్పలూ చేపలూ వృద్ధిగా ఉండేవి. ఇప్పుడు ఎగువనంతా కదలని చెరువు.

అది విని అత్తయ్య, "మన సంగమేశ్వరాన్ని ముంచినట్టే ముంచారన్నమాట" అన్నారు. ఆవిడ పుట్టిల్లు నందికొట్కూరు పక్కన. శ్రీశైలం రిజర్వాయర్ నిండితే నీటికిందికి పోయి, వేసవిలో బయటపడే గుడి అది. అక్కడ ఏడాదికి కొన్నాళ్లయినా దర్శనం దొరుకుతుంది. ఇక్కడి బండలు వందేళ్లుగా బయటికి రాలేదు.

ఈ ఆనకట్ట ఇప్పుడు ఎందుకుంది అన్నది సూటి ప్రశ్న. పడవల కోసం కట్టారు. కానీ విదేశీ కార్ప్ చేపలు పైకి పాకకుండా ఎగువనున్న అప్పర్ సెయింట్ ఆంథోనీ లాకుని 2015 జూన్‌లో మూసేశారు. దాంతో సరుకు పడవలు నగరం దాటి వెళ్లడం ఆగిపోయింది. ఫోర్డ్ డ్యామ్ లాకుని, దానికి ఎగువనున్న లోయర్ సెయింట్ ఆంథోనీ లాకుని ఏం చేయాలన్న దానిమీద ఆర్మీ ఇంజనీర్ల దళం అధ్యయనం చేపట్టింది. తీసేయడమూ అందులో పరిశీలించే దారుల్లో ఒకటి. వద్దనేవాళ్ల మాట కొట్టిపారేసేది కాదు. జలవిద్యుత్తు పోతుంది, రోయింగ్ క్లబ్బుల వాళ్లకి నిలకడ నీళ్లు పోతాయి, వందేళ్లుగా పేరుకున్న మట్టిలో ఏ రసాయనాలున్నాయో తేల్చాలి. మట్టి ప్రశ్న నిజంగా పెద్దది. అయినా పని అయిపోయిన ఆనకట్ట కోసం ఇలాంటి లోయని ముంచి ఉంచడం న్యాయం కాదనే నేను అనుకుంటున్నాను.

ఎగువన జలపాతం కథ ఇంకో రకం. డకోటా పేరు ఓవామ్నియోమ్ని, మ్యాపుల్లో సెయింట్ ఆంథోనీ ఫాల్స్. స్టోన్ ఆర్చ్ బ్రిడ్జి మీద నుంచి అందరూ ఫొటో తీసుకునే ఆ నున్నటి నీటితెర కింద ఉన్నది కాంక్రీటు. 1869లో మిల్లుల కోసం కింద తవ్విన సొరంగం కూలి జలపాతమే కొట్టుకుపోబోయింది. అప్పటి నుంచి దాన్ని కట్టి నిలబెడుతున్నారు. కాబట్టి కాంక్రీటు తీసేసి పాత జలపాతాన్ని తెచ్చుకోవడం కుదరదు. దాని దిగువన స్పిరిట్ ఐలాండ్ అనే ద్వీపం ఉండేది. డకోటా స్త్రీలు పురుడు పోసుకోవడానికి అక్కడికి వెళ్లేవారని చెబుతారు. రాయి కోసం దాన్ని తవ్వేశారు, మిగిలిన మొండిని 1960 ప్రాంతంలో లాకు పని కోసం తొలగించారు. ఇప్పుడు మూసేసిన లాకు పక్కన సుమారు అయిదెకరాల్లో నీళ్లు మళ్లీ రాళ్ల మీదుగా పారేలా, స్థానిక మొక్కలు పెరిగేలా చేయాలని ఓవామ్నియోమ్ని ఓఖోదయపి అనే డకోటాల సారథ్యంలోని సంస్థ పనిచేస్తోంది. రాష్ట్రంలోని నాలుగు డకోటా జాతులతో సంప్రదించి గీసుకున్న ప్రణాళిక అది. పనులు నడిచే రోజుల్లో కొన్ని బాటలు మూయొచ్చు, చూసుకుని వెళ్లండి.

మిల్ సిటీ మ్యూజియం దగ్గర్లోనే ఉంది. మిల్లుల చరిత్ర బాగా చెబుతుంది, లిఫ్టు, వీల్‌చైర్ సదుపాయం ఉన్నాయి. అత్తయ్యకి అన్నిటికన్నా సుఖంగా గడిచింది అక్కడే. భోజనానికి ఓవామ్ని పేరు వినే ఉంటారు. డకోటాలకి దగ్గరి తెగ అయిన లకోటా వంటమాస్టరు షాన్ షెర్మన్ మొదలుపెట్టిన రెస్టారెంటు, 2022లో జేమ్స్ బియర్డ్ అవార్డు వచ్చింది, అమెరికాలో వంటవాళ్లకీ రెస్టారెంట్లకీ ఇచ్చే పెద్ద గౌరవం అది. గోధుమ, పాలు, చక్కెర వాడరు. శాకాహారులకి వైల్డ్ రైస్, గుమ్మడి, చిక్కుళ్లు దొరుకుతాయి. ధర ఎక్కువే, ముందుగా బుక్ చేసుకోకపోతే చోటు దొరకదు, బయల్దేరేముందు చిరునామా కూడా సరిచూసుకోండి.

సెయింట్ పాల్ వైపు ఇండియన్ మౌండ్స్ పార్కులో ఆరు సమాధి దిబ్బలు మిగిలాయి. కొండమీద నుంచి నది అంతా కనిపిస్తుంది. అది శ్మశానం అన్న ఎరుకతో నడవండి, దిబ్బలు ఎక్కొద్దు, పిల్లల్ని ఎక్కనివ్వొద్దు.

జూన్ నుంచి అక్టోబరు మొదటి వారాల దాకా వెళ్లడం మంచిది. వసంతంలో మంచు కరిగితే సంగమం పార్కు ఒక్కోసారి మునిగి మూసేస్తారు, వానలు ఎక్కువైతే వేసవిలో కూడా. ఒకటే రోజు చేతిలో ఉంటే పొద్దున్నే పైక్ ఐలాండ్, తర్వాత కోల్డ్‌వాటర్ ఊట, మధ్యాహ్నం ఫోర్డ్ డ్యామ్, సాయంత్రం ఓవామ్నియోమ్ని. మాంకెటోకి నైరుతిగా గంటన్నర ప్రయాణం. అక్కడ ఉరితీసినవాళ్ల స్మారకం రికన్సిలియేషన్ పార్కులో ఉంది, వాళ్ల పేర్లు రాశారు, ఒక పూట కేటాయించండి.