ఆరన్ముల పడవల పండుగ: పంపా ఒడ్డున అమ్మతో మూడు రోజులు

గుంటూరులో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కగానే పక్క బెర్తు పెద్దాయన అమ్మని అడిగాడు, "ఇప్పుడు శబరిమల ఏంటమ్మా, ఇంకా మాలలే వెయ్యలేదుగా?" అని. చెంగన్నూరుకి టికెట్ అంటే మనవాళ్లకి గుర్తొచ్చేది అయ్యప్పస్వామే. "కొండకి కాదండీ, పడవల పండక్కి" అంది అమ్మ. అది 2025 సెప్టెంబర్ 7. ఆ రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం. పట్టకముందే ఇద్దరం పులిహోర తినేశాం. ఇంటి నుంచి తెచ్చిన గరికపోచ ఒకటి నీళ్ల సీసాలో వేసి అమ్మ పడుకుంది.

అసలు ఈ ప్రయాణానికి కారణం అమ్మ అడిగిన ఒక ప్రశ్న. 2023 ఆగస్టులో స్నేహితులతో అలెప్పీ వెళ్లి నెహ్రూ ట్రోఫీ పడవ పందెం చూసొచ్చాను. ఫోన్లో వీడియోలన్నీ చూపించాక, "ఇంతమంది తెడ్లు వేస్తున్నారు కదా, ఏం పాట పాడుకుంటారు?" అంది. అమ్మది కృష్ణ ఒడ్డున ఊరు. చిన్నప్పుడు పడవవాళ్ల హైలెస్సా వింటూ పెరిగిన మనిషి. నా దగ్గర జవాబు లేదు. మైకుల్లో కామెంటరీ హోరులో నాకు పాటే వినపడలేదు.

అలాగని అలెప్పీని తక్కువ చెయ్యను. 1952లో నెహ్రూ అక్కడికి వచ్చినప్పుడు ఆయన గౌరవార్థం పడవ పందెం పెట్టారు. నడుభాగం చుండన్ అనే పడవ గెలిచింది. ఆయన ఉత్సాహం పట్టలేక ఆ పడవలోకే ఎక్కేశారు. తర్వాత ఢిల్లీ నుంచి వెండితో చేసిన చిన్న పడవ బొమ్మ పంపారు. ఇప్పటికీ పున్నమడ కాయల్ అనే సరస్సులో పందెం దాని కోసమే. చుండన్ వల్లం అంటే వంద అడుగులు దాటిన పొడవు, వందమంది దాకా తెడ్లవాళ్లు. అవి నాలుగు పక్కపక్కన దూసుకొస్తుంటే ఒంటిమీద రోమాలు లేచి నిలబడతాయి. 2024లో కారిచాల్ చుండన్ సెకనులో వెయ్యో వంతుల తేడాతో గెలిచిందంటే పోటీ ఎంత గట్టిదో చూడండి.

కానీ అక్కడ డబ్బు, ఓపిక రెండూ కావాలి. టికెట్లు వందల్లో మొదలై వేలల్లోకి వెళ్తాయి. తక్కువ టికెట్ తీసుకుంటే పొద్దున్నే వెళ్లి చోటు పట్టుకోవాలి, మధ్యాహ్నం దాకా ఎండలో ఉండాలి. మేం చేసిన పెద్ద పొరపాటు హౌస్‌బోట్ విషయంలో. "బోటు మీద నుంచే పందెం చూపిస్తాం" అని ఒక ఏజెంట్ మామూలు రేటుకి దాదాపు రెట్టింపు తీసుకున్నాడు. పందెం రోజు ఆ నీళ్లలోకి మామూలు బోట్లని రానివ్వరని మాకు తెలియదు. ఎక్కడో వెనక కాలవలో కట్టేశారు. మేం దిగి, పరుగెత్తుకుంటూ వెళ్లి గట్టు మీద జనంలో నిలబడి చూశాం. ఆ రోజు పడ్డ టెన్షన్ ఇంకా గుర్తుంది. అందుకే చెబుతున్నా, హౌస్‌బోట్ ఎక్కండి, కానీ పందేనికి ముందో తర్వాతో. సాయంత్రానికి ఎక్కడో ఒకచోట కట్టేస్తారు కాబట్టి మధ్యాహ్నమే ఎక్కితేనే గిట్టుబాటు. ఏసీ ఏ టైముకి వేస్తారో ముందే అడగండి. కుట్టనాడు అనే అక్కడి పల్లపు ప్రాంతం చూడాలనే కోరిక మాత్రమే ఉంటే అలెప్పీ జెట్టీ నుంచి ప్రభుత్వ బోట్లు తిరుగుతాయి. బస్సు టికెట్ అంత ఖర్చులో సముద్రమట్టానికి దిగువన ఉన్న వరిపొలాలు, గట్ల మీద ఇళ్లు, బడి పిల్లలు బోటెక్కడం అన్నీ కనపడతాయి. నాకైతే హౌస్‌బోట్ కంటే అదే నచ్చింది.

తేదీ విషయంలో కూడా జాగ్రత్త. నెహ్రూ ట్రోఫీ ఆనవాయితీగా ఆగస్టు రెండో శనివారం. కానీ 2024లో వయనాడ్ కొండచరియల విషాదం తర్వాత సెప్టెంబర్ 28కి మార్చారు, 2025లో ఆగస్టు 30న పెట్టారు. ప్రకటన చూశాకే రైలు టికెట్లు తీసుకోండి.

ఆరన్ములకి ఆ బాధ లేదు, దానిది నక్షత్రం లెక్క. కేరళ పండగలన్నీ దాదాపు అంతే. చింగం నెలలో, అంటే మన సింహ మాసంలో, హస్త నాడు ఓణం సందడి మొదలవుతుంది, శ్రవణం నాడు తిరువోణం. వామనుడి నక్షత్రం శ్రవణమే కదా, బలి చక్రవర్తి ఏటా తన ప్రజల్ని చూసుకోవడానికి వచ్చే రోజు కూడా అదే. ఆ తర్వాత నాలుగో రోజు ఉత్తరాభాద్ర. ఆ రోజే ఆరన్ముల వల్లంకళి, అంటే పడవల పందెం. అమ్మ పంచాంగం ముందేసుకుని వేళ్ల మీద లెక్కపెట్టి సెప్టెంబర్ 9 అని తనే తేల్చింది.

చెంగన్నూరులో దిగేసరికి మర్నాడు మధ్యాహ్నం దాటింది. అక్కడి నుంచి ఆరన్ముల పది కిలోమీటర్లు. ఆటో అతను మొదటే రేటు చెప్పాడు, అదే తీసుకున్నాడు. బస్సులూ ఉన్నాయి గానీ సామానుతో కష్టం. ఆరన్ములలో పెద్ద హోటళ్ల కోసం వెతక్కండి. చెంగన్నూరులో లాడ్జీలు చాలా ఉన్నాయి, కానీ పండగ రోజు ట్రాఫిక్ ఆపేస్తే నడవాలి. మేం గుడికి నడిచి వెళ్లేంత దూరంలో ఒక ఇంట్లో హోంస్టే తీసుకున్నాం. రోజుకి 1,800, పొద్దున టిఫిన్‌తో. గది మామూలుదే, బాత్రూం శుభ్రంగా ఉంది, వైఫై పేరుకే. ఆ ఇంటావిడని అమ్మ మొదటి గంటలోనే "చేచీ" (అక్కా) అని పిలవడం నేర్చుకుంది. అక్కడి లావు మట్ట బియ్యం అన్నం అమ్మకి దిగడం లేదని చూసి రెండో పూట నుంచి ఆవిడే తెల్లన్నం విడిగా వండింది.

పందెం సత్రక్కడవు అనే రేవు దగ్గర ముగుస్తుంది. పండగ రోజు మేం పొద్దున్నే గుడికి వెళ్లాం. పార్థసారథి స్వామి గుడి, 108 దివ్యదేశాల్లో ఒకటి. మగవాళ్లు చొక్కా తీసి లోపలికి వెళ్లాలి. అయ్యప్పకి మండలపూజ నాడు అలంకరించే తంక అంకి (బంగారు అంగీ) ఊరేగింపు బయల్దేరేది ఇక్కడి నుంచే. ఆ సంగతి చెప్పగానే అమ్మ వెనక్కి తిరిగి మళ్లీ దండం పెట్టుకుంది.

ఇక్కడి పడవని పళ్లియోడం అంటారు. అది స్వామివారి సొత్తు. చెప్పులతో ఎవరూ ఎక్కరు. వెనక భాగం పాము పడగలా పైకి లేచి ఉంటుంది, అక్కడ అమరక్కారులు నిలబడి పొడవాటి తెడ్లతో దారి పట్టిస్తారు. నడుమ అలంకారపు గొడుగులు. తెల్ల పంచెలతో మనుషులు. ముందు పందెం కాదు, జలఘోషయాత్ర. పడవలు మెల్లగా ఊరేగుతాయి. ఒడ్డున మా పక్క నిలబడ్డ ముసలాయన "ఆర్ప్పో" అని అరిస్తే గుంపంతా "ఇర్రో ఇర్రో" అని అందుకుంది. పడవ మధ్యలో ఒకాయన గొంతెత్తి ఒక చరణం అందించాడు. వెంటనే అన్ని గొంతులూ కలిసి "తిత్తిత్తారా తిత్తిత్తై" అన్నాయి. తెడ్డు నీళ్లలో పడేది సరిగ్గా ఆ "తై" దగ్గర. పడవ దగ్గరికొచ్చేకొద్దీ ఆ దెబ్బ ముందు చెవికి తెలిసింది, తర్వాత కాళ్ల కింద మెట్టుకి కూడా తెలిసింది. అమ్మ నా చెయ్యి పట్టుకుని తాళం వేస్తోంది. ఆ వంచిపాట్టులో, అంటే పడవ పాటలో, ఒక్క మాట మాకు అర్థం కాలేదు, కృష్ణుడి పేరు తప్ప.

తర్వాత పోటీ కూడా జరిగింది. అలెప్పీ వేగం లేదు. ఎవరు గెలిచారన్నది మా పక్కవాళ్లకీ పెద్దగా పట్టలేదు. ఒడ్డున నిలబడి చూడ్డానికి మేం ఒక్క రూపాయి కూడా ఇవ్వలేదు. కాకపోతే నీడ తక్కువ, ఆడవాళ్లకి బాత్రూంల ఏర్పాటు చాలదు. పెద్దవాళ్లతో వెళ్తే దగ్గర్లో బస ఉండటం తప్పనిసరి అనేది అందుకే.

మర్నాడు చేచీ చుట్టాలెవరో మొక్కు తీర్చుకుంటూ వల్లసద్య, అంటే పడవవాళ్లకి విందు, పెడుతున్నారని మమ్మల్నీ తీసుకెళ్లింది. జులై నుంచి అక్టోబర్ మొదటి వారం దాకా ఇవి జరుగుతూనే ఉంటాయి. పళ్లియోడం వాళ్లు పాడుతూ గుడి రేవుకి వస్తారు, మొక్కున్నవాళ్లు ఎదురెళ్లి తమలపాకు, పొగాకు ఇచ్చి ఆహ్వానిస్తారు. 60కి పైగా వంటకాలు. ఆకు ముందు కూర్చున్నాక తెడ్లవాళ్లు కావలసింది పాటలో అడుగుతారు. అడిగింది లేదనకూడదు. ఒకాయన పాట ఎత్తుకోగానే వడ్డించే కుర్రాడు గబగబా లోపలికి పరుగెత్తి తేనె గిన్నెతో వచ్చాడు. మొదట పప్పు, నెయ్యి పడగానే అమ్మ మొహం విచ్చుకుంది. ఇంజిపులి రుచికి మన అల్లం పచ్చడికి చుట్టమే. అవియల్, ఓలన్, ఎరిశ్శేరి, బెల్లం పట్టిన అరటికాయ ముక్కలు, చివర్లో పాయసాలు. తెలిసినవాళ్లు లేకపోతే కేరళ ఆర్టీసీ నడిపే పంచపాండవ క్షేత్రాల ప్యాకేజీలో వల్లసద్య కలిపి ఉంటుంది, దాన్ని కనుక్కోండి. అష్టమిరోహిణి (కృష్ణాష్టమి) నాడైతే గుడి ఆవరణంతా విస్తళ్లే.

తిరుగు రైలుకి ముందు ఆరన్ముల కన్నాడి చేసే ఒక ఇంటికి వెళ్లాం. రాగి, తగరం కలిపి పోతపోసి, రోజుల తరబడి రుద్ది అద్దం చేస్తారు. పాళ్లు కొన్ని కుటుంబాలకే తెలుసు. మామూలు అద్దం మీద వేలు పెడితే వేలికీ ప్రతిబింబానికీ మధ్య సందు ఉంటుంది, దీనిలో రెండూ అంటుకుంటాయి. అమ్మ మూడుసార్లు వేలు పెట్టి చూసింది. చిన్నవి కూడా వేలల్లోనే ఉన్నాయి. అసలుదా కాదా అని రోడ్డు పక్క దుకాణాల్లో తేల్చుకోలేం, చేసేవాళ్ల దగ్గరే కొనండి.

2026లో తిరువోణం ఆగస్టు 26న. చేచీకి అప్పుడే ఫోన్ చేసి గది ఉంచమని చెప్పేశాం. ఈసారి పిన్ని కూడా వస్తానంటోంది.